కాలు నిలబెట్టిన సిర

మా నాయన తరంలో చేవెళ్ల సంతకు కూరగాయలు తెచ్చే రైతుల నోట్లో చుట్ట ఆరేది కాదు. నడుస్తుంటే పిక్క పట్టేసేది, ఆగితే తగ్గేది. అది ధమని మూసుకుపోవడమని తెలియక వయసు నొప్పి అనుకునేవారు. వేళ్లు నల్లబడ్డాక పట్నం తీసుకుపోతే కాలు లేకుండా తిరిగొచ్చినవాళ్లు ఉన్నారు. పట్నంలో, పంజాగుట్టలో 1964లో మొదలైన ఎముకల ఆస్పత్రి ఇంకా నిమ్స్ అనే పెద్దాస్పత్రి కాలేదు.

అప్పటికే కాలు నిలిపే దారి ఉంది. 1948లో పారిస్‌లో జాన్ కున్లిన్ రోగి కాలి సిరనే తీసి, లోపలి కవాటాలు అడ్డం రాకుండా తిరగేసి, మూసుకుపోయిన ధమనికి పక్కదారిగా కుట్టాడు. తర్వాత డెక్రాన్, పీటీఎఫ్‌ఈ అనే కృత్రిమ గొట్టాలు వచ్చాయి. మోకాలు వంగేచోట గొట్టం మడత పడుతుందని చుట్టూ వలయాలు పెట్టారు.

నాకూ అలాంటి పక్కదారే వేశారు. నా కాలిలో ఉన్నది సిరే, తొడ నుంచి మోకాలి కింది దాకా. ఇలా వేసిన సిర మొదటి నెలలో మూసుకుపోతే ఎక్కువగా మెలికో, మడతో, కుట్టు దగ్గరి ఇరుకో కారణం. తర్వాత రెండేళ్ల దాకా లోపలి పొర మందమయ్యే ముప్పు. ఆపైన పాత జబ్బే పాకుతుంది. మందమవడం చాలాసార్లు నొప్పి లేకుండానే జరుగుతుంది. అందుకే రక్తం పారడం చూపే డ్యూప్లెక్స్ స్కాన్ వదలను. ఇరుకు ముందే దొరికితే బెలూన్‌తో వెడల్పు చేయొచ్చు, పూర్తిగా మూసుకున్నాక చాలా కష్టం.

ఇప్పుడు మొయినాబాద్‌లోనూ చేవెళ్లలోనూ మెడికల్ కాలేజీ ఆస్పత్రులున్నాయి. అన్నా, చుట్ట మానండి, పిక్క పట్టేస్తే కాలి నాడి చూపించుకోండి.