చీర కట్టిన నేరం

పాలకుర్తి అనగానే సోమనాథుడూ, చాకలి ఐలమ్మా గుర్తొస్తారు మనకు. 1940ల్లో ఐలమ్మ తన పంట కోసం విసునూరు దొరతో తలపడిన రోజుల్లో, అదే నిజాం రాజ్యంలో మరో చట్టం కూడా నడుస్తోంది. దాని పేరు నపుంసకుల చట్టం. ఫసలీ 1329, అంటే 1919 నాటిది.

పిల్లల్ని ఎత్తుకుపోతారనో, మరొకటనో అనుమానం వస్తే చాలు, సర్కారు పట్టీలో పేరెక్కేది. ఆ పట్టీకెక్కిన మనిషి ఆడవేషంలో, నగలు పెట్టుకుని వీధిలో కనబడితే వారంటు లేకుండా పట్టుకోవచ్చు. రెండేళ్ల దాకా జైలు!

చట్టం చీర చూసి తీర్పు చెప్పేసింది గానీ, ఆడా మగా తేల్చడం శాస్త్రానికే అంత సులువు కాదండీ. కడుపులో మొదటి వారాల్లో పిల్లలందరి అవయవాలూ ఒకేలా ఉంటాయి. మగ వైపు మళ్లించే ఎస్‌ఆర్‌వై జన్యువును 1990లో గానీ కనుక్కోలేదు. మగ క్రోమోజోములుండీ, హార్మోను ఒంటికి పట్టక ఆడపిల్లల్లా పెరిగేవాళ్లూ ఉన్నారు. ఇక "నేనెవరు?" అని మనసుకు తోచే ఎరుకకు ఫలానా జన్యువే కారణమని ఎవరూ చూపలేదు.

1948లో నిజాం పాలన పోయింది. చట్టం పోలేదు! 2022లో ప్రాచీ రాథోడ్, రూత్ జాన్‌పాల్ అనే ఇద్దరు ట్రాన్స్ మహిళలు ఉస్మానియా ఆసుపత్రిలో డాక్టర్లుగా చేరేనాటికీ అది పుస్తకంలోనే ఉంది. వైజయంతి వసంత మొగ్లి మరికొందరితో కలిసి కోర్టుకెక్కగా, 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది.

ఐలమ్మ అడిగింది తన చేతి పంట. వీళ్లడిగింది, నచ్చిన చీర కట్టుకుని భయం లేకుండా వీధి దాటడం. దానికి 104 ఏళ్లు పట్టింది.