బందరు రోడ్డు భవనం, మా పెంకుటిల్లు

తిరువూరులోని మా పెంకుటింటిని ఏమి చేయాలన్న ప్రశ్న మూడేళ్ళుగా మా ఇంట్లో నలుగుతోంది. పడగొట్టి డాబా వేద్దామని అన్నయ్య పట్టు. అమ్మ పెద్దదైంది. రాత్రివేళ పెరటి చివర ఉన్న స్నానాలగదికి చీకట్లో నడవలేదు. కనుక అన్నయ్య మాటలో న్యాయమున్నది. తాతగారు కట్టించిన మండువాను గునపాలకు అప్పగించడానికి మాత్రం నాకు మనసొప్పదు.

ఈ సంగతి తేల్చుకోవడానికే మొన్న ఊరికి బయలుదేరాను. తిరువూరు బస్సు ఎక్కేముందు విజయవాడ బందరు రోడ్డులోని పాత మ్యూజియం దగ్గర ఆగాను. చిన్నతనంలో నాన్నగారు వేలు పట్టుకుని నన్ను తీసుకువెళ్ళిన చోటు అది. అప్పట్లో దానిని విక్టోరియా జూబిలీ మ్యూజియం అనేవారు. 2020 అక్టోబరు నుండి బాపు మ్యూజియం అంటున్నారు. బొమ్మల బాపుగారు కారు సుమా, గాంధీ మహాత్ముడు!

విక్టోరియా రాణి సింహాసనమెక్కి యాభై ఏళ్ళు నిండిన సందర్భంగా 1887 జూన్ 27న ఆ భవనానికి శంకుస్థాపన జరిగింది. చేసినవాడు నాటి కృష్ణా జిల్లా కలెక్టరు రాబర్ట్ స్యూయెల్. చరిత్ర చదివినవారికి పరిచితమైన పేరే. 1877లో అమరావతి స్తూపం వద్ద త్రవ్వకాలు జరిపినవాడు, 1900లో విజయనగర సామ్రాజ్య చరిత్రను గ్రంథంగా వెలువరించినవాడు ఆయనే. భవనాన్ని మొదట పారిశ్రామిక ప్రదర్శనల కోసం ఉద్దేశించారు. దేశీయ, ఐరోపా శైలులు కలగలసిన కట్టడమది.

ముప్పైనాలుగేళ్ళు తిరిగేసరికి కథ అడ్డం తిరిగింది. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో అఖిల భారత కాంగ్రెసు సంఘం బెజవాడలో సమావేశమైంది. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కాంగ్రెసుకు కోటిమంది సభ్యులు, దేశంలో ఇరవై లక్షల రాట్నాలు కావాలని తీర్మానించినది అప్పుడే. భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్య తన పతాక నమూనాను గాంధీజీకి సమర్పించినది ఈ భవనంలోనే. రాణిగారి ఏలుబడికి గుర్తుగా వెలసిన చోటే ఆ ఏలుబడిని సాగనంపే జెండాకు పురుడు పోసింది. కట్టించినవారి ఉద్దేశ్యం కట్టడంతో కడదాకా నిలవదు. ఆ తరువాత అందులో ఎవరు ఏమి చేశారన్నదే నిలుస్తుంది.

1962లో పురావస్తుశాఖ దానిని ప్రదర్శనశాలగా మార్చింది. అల్లూరు నుండి వచ్చిన నిలువెత్తు బుద్ధవిగ్రహాన్ని చిన్నప్పుడు నేను నోరు తెరుచుకుని చూసింది అక్కడే. అది క్రీస్తుశకం మూడు, నాలుగు శతాబ్దాల నాటిది. కాలక్రమాన భవనానికి వయసు మీదపడింది, వస్తువులకు చోటూ చాలలేదు. అప్పుడు ఎదురైన ప్రశ్న ఇంచుమించు మా ఇంటి ప్రశ్నే. పాతదానిని బాగుచేశారు, అదనపు గదులకు ఆ ఆవరణలోనే పక్కన కొత్త భవనం కట్టారు. పాతదాని నెత్తిన అంతస్తు వేయలేదు.

ఈ పద్ధతి వెనుక మేస్త్రీల లెక్క కూడా ఉన్నది. పాతకాలపు గోడలు సాధారణంగా గానుగలో నూరిన డంగు సున్నంతో కట్టినవి. పైకప్పు బరువంతా ఆ గోడలే మోస్తాయి. వాటిపై అదనపు భారం వేస్తే పగుళ్ళు తప్పవు. కొత్త గోడను పాతదానికి అతికిస్తే, నిన్నటి పునాది, నేటి పునాది సమానంగా కుంగక అతుకు దగ్గరే బీట పడుతుంది. సున్నపు గోడకు సిమెంటు పూత పూస్తే లోపలి చెమ్మ బయటికి పోయే దారి మూసుకుపోయి గోడ లోలోపలే చివుకుతుంది. కనుక మరమ్మతు సున్నంతోనే జరగాలి, కొత్తది కాస్త ఎడంగా లేవాలి.

హైదరాబాదు కోఠీలోని రెసిడెన్సీ భవనం మరొక ఉదాహరణ. 1803లో మొదలుపెట్టి కర్క్‌పాట్రిక్ కట్టించిన ఆ మేడలోకి 1949లో ఆడపిల్లల కళాశాల వచ్చింది. తరాల తరబడి విద్యార్థినులు ఆ మెట్లెక్కబట్టే అది జనం మనసులో బ్రతికి ఉన్నది. తాళం పడిన మేడకు చెదలే వారసులు.

పేరు మార్పు గురించి మాత్రం నాకొక వెలితి మిగిలింది. గాంధీజీ పేరు అక్కడ అక్షరాలా సార్థకమే. కాని రాణి పేరు పూర్తిగా మరుగునపడితే, ఆమె పేరిట లేచిన కప్పు కిందనే మన జెండా పుట్టిందన్న చమత్కారం రేపటి పిల్లవాడికి ఎలా తెలుస్తుంది? రెండు పేర్లూ చెబితేనే కథ పూర్తవుతుంది.

సాయంత్రానికి కొండపల్లి, మైలవరం దాటి తిరువూరు చేరాను. భోజనాలయ్యాక అన్నయ్యతో మండువాను కదపవద్దన్నాను. పెరటివైపు రెండడుగులు ఎడంగా అమ్మకు గది, దానికి ఆనుకునే స్నానాలగది కట్టి, మధ్యన రేకుల వసారా వేద్దామన్నాను. అన్నయ్య చాలాసేపు మాట్లాడలేదు.

"ఖర్చు తగ్గదురా" అన్నాడు చివరికి.

"తగ్గదు. కాని అమ్మ చీకట్లో నడవనక్కరలేదు, ఇల్లూ ఉంటుంది" అన్నాను.

పొద్దున్నే మేస్త్రి వచ్చి పెరడు కొలిచాడు. డంగు సున్నం పని తెలిసినవారు ఇప్పుడు దొరకడం కష్టమన్నాడు. వెతకాలి. ఆ పని నేనే నెత్తిన వేసుకున్నాను.