అబ్కారీ పోయె, అమ్మకపు పన్ను వచ్చె



సర్కారు ఒక పన్ను వదులుకున్నదంటే మనకు సంతోషమే. అయితే ఆ పోయిన రాబడి మళ్ళీ ఎవరి గడపలోంచి వస్తుందో కూడా విచారించుకోవాలి గదా! ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలో ఈ వాదం ఎట్లా జరిగిందో చెప్పుకుందాం.

1937 ఎన్నికలలో శాసనసభలోని 215 స్థానాలకు 159 కాంగ్రెసువారికి దక్కాయి. రాజాజీ మంత్రివర్గం ఏర్పడింది. ఆర్థికశాఖ కూడా ఆయన దగ్గరే వున్నది. ఆనాటి ఖజానా బండికి భూమిశిస్తు ఒక ఎద్దు. కల్లు, సారాల మీద వచ్చే అబ్కారీ రెండో ఎద్దు. ఆ రెండో ఎద్దును కాడినుంచి విప్పడానికి రాజాజీ పూనుకున్నారు. 1937 అక్టోబరు 1న సేలం జిల్లాలో మద్యనిషేధం మొదలయింది. మరుసటి ఏడు మన చిత్తూరు, కడప జిల్లాలకూ వచ్చింది.

మరి బండి నడిచేదెట్లా? 1939లో అమ్మకపు పన్ను చట్టం తెచ్చారు. దీనిమీద పెద్ద వాదమే జరిగింది. తాగుడు మానితే కూలివాని డబ్బు కూలివాని ఇంట్లోనే నిలుస్తుంది, ఆ మేలు ముందు కొద్దిపాటి పన్ను ఒక లెక్కా అని ఒక పక్షం. తాగేవాడు కట్టే పన్ను తీసి తాగనివాడి మీద కూడా వేస్తారా, వర్తకుడు దాన్ని సరుకు ధరలో కలిపి కొనేవాడి నెత్తిన రుద్దడా అని రెండో పక్షం. రెండు మాటల్లోనూ నిజం వున్నది.

ఆ చట్టంలో రైతుకు ఒక మేలు చేశారు. తన పొలంలో పండించిన పంటను రైతు తానే అమ్ముకుంటే ఆ సొమ్మును పన్ను లెక్కలో చేర్చలేదు. కాని అదే రైతు బజారులో కొనుక్కునే సరుకుల ధరలో పన్ను కలిసే వుండేది.

తరువాత ఏమయింది? 1939 అక్టోబరులో మంత్రివర్గం రాజీనామా ఇచ్చింది. యుద్ధకాలంలో గవర్నరు పాలన మద్యనిషేధాన్ని ఎత్తివేసింది. అమ్మకపు పన్ను మాత్రం పోలేదు! ఒకదానికి బదులుగా వచ్చినది రెండోదానితోపాటు నిలిచిపోయింది.

ఆ తగవు అంతటితో తీరలేదు. 1954 నవంబరులో ఆంధ్రరాష్ట్రంలో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గం మద్యనిషేధం విషయంలోనే పడిపోయింది. 1995 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లో ఎన్.టి. రామారావుగారు సంపూర్ణ నిషేధం పెడితే, 1997లో దాన్ని సడలించారు. 2017 జులైలో జి.ఎస్.టి. వచ్చినా, తాగే మద్యాన్ని అందులో కలపలేదు. ఆ రాబడిని రాష్ట్రాలు తమ చేతిలోనే వుంచుకున్నాయి.

కనుక ఏ పార్టీవారు వచ్చి పన్ను తీసేస్తామన్నా, కొత్త ఖర్చు పెడతామన్నా మూడు ప్రశ్నలు వేయండి. పోయే రాబడి ఎంత? ఆ లోటు పూడ్చేది ఎవరు? పాత పన్ను తిరిగివస్తే, దానికి బదులు వేసిన కొత్త పన్నును తీసేస్తారా? గ్రామసేవకులు ఈ మూడు ప్రశ్నలను రచ్చబండ దగ్గర చర్చకు పెట్టితే బాగుంటుంది. ఇంటి జమాఖర్చు చూసుకోగలిగిన రైతుకు సర్కారు జమాఖర్చు అర్థం కానిదేమీ కాదు.