గోడకూ రేకుకూ మధ్య

వానాకాలం వస్తోందంటే అందరి ఇళ్ళలో వడియాల డబ్బాలు లోపల సర్దుకుంటారు. మా ఇంట్లో మాత్రం మావారు సిమెంటు సంచీ తెస్తారు. గడ్డపోతారంలో ఇల్లు కట్టుకున్నప్పుడు ఇటుక గోడకు ముందువైపు ఇనుప రేకులతో వసారా దించాం. రేకు గోడను తాకేచోట వేలెడంత సందు. ఏటా మృగశిరకు ముందు దాన్ని సిమెంటుతో మెత్తడం, ఆరుద్ర వానకు అది కారడం – ఇదీ మా ఆనవాయితీ!

కింద గిన్నె పెట్టి సరిపెట్టుకునేదాన్ని. కానీ పోయినేడు చెమ్మ గోడలోంచి స్విచ్చి బోర్డు దాకా దిగింది. లైటు వేయబోయిన మా చిన్నది "అమ్మా, జిల్లుమందే!" అని చెయ్యి లాక్కుంది. ఆ రాత్రి మెయిను తీసేసి చీకట్లో కూర్చున్నాం. నాకైతే కునుకు పట్టలేదు.

తెల్లారి మావారు మళ్ళీ సిమెంటు కలపబోతుంటే అత్తమ్మ అరుగు మీంచి అంది: "ఎన్నిసార్లు అతికిస్తవు బిడ్డా? నిలిచేదైతే ఎప్పుడో నిలుస్తుండె. మా అవ్వగారింట్ల డంగు సున్నం మిద్దె, ఇట్ల ఎన్నడు కారలే."

ఆ మాట పట్టుకుని నేను కాస్త పాత సంగతులు తిరగేశాను. మనం నమ్ముకున్న ఈ సిమెంటు వయసెంతో తెలుసా? ఇంగ్లండులోని లీడ్స్ పట్టణపు తాపీమేస్త్రీ జోసెఫ్ ఆస్ప్‌డిన్ 1824లో దానికి పేటెంటు తీసుకున్నాడు. అంటే రెండు వందల ఏళ్ళే! అంతకు ముందు మన దగ్గర అంతా సున్నమే. గుండ్రటి కాలువలో ఎద్దు రాతి చక్రాన్ని తిప్పుతుంటే సున్నమూ ఇసుకా వెన్నలా నలిగేవి. 1591 నాటి చార్మినార్ నిలబడింది అలాంటి సున్నం మీదే.

గోల్కొండ దగ్గరి కుతుబ్‌షాహీ సమాధుల కథ వింటే మీరూ ముక్కున వేలేసుకుంటారు. ఇరవయ్యో శతాబ్దంలో ఆ గుమ్మటాలకు సిమెంటుతో మరమ్మతులు చేశారు. పైకి గట్టిగానే కనిపించింది. లోపల చేరిన తడికి బయటికి దారి లేకపోయింది. 2013లో మొదలైన జీర్ణోద్ధరణలో ఆ సిమెంటును ఓపిగ్గా ఒలిచి, మళ్ళీ సున్నమే పూశారు. సున్నం తడి పీల్చుకుంటుంది, ఎండకు వదిలేస్తుంది. సన్నని పగుళ్ళయితే వాన నీటిలో కరిగిన సున్నమే వాటిని కొంత పూడుస్తుంది కూడా!

అయితే మా వసారాకు సున్నం ఒక్కటే చాలదు. ఎండకు ఇనుము ఇటుక కన్నా దాదాపు రెండింతలు సాగుతుంది, రాత్రికి ముడుచుకుంటుంది. గోడేమో కదలదు. ఈ రెంటినీ గట్టిగా అతికిస్తే మధ్యలో పగలక ఏమవుతుంది చెప్పండి? గూన పెంకుల ఇల్లు గుర్తు తెచ్చుకోండి. ఒక్క పెంకునూ పక్కదానికి అతికించరు. పైది కిందిదాని మీదికి వస్తుంది, అంతే. నీళ్ళు జారిపోతాయి.

మేస్త్రీని పిలిపించి ఇదే అడిగాను. ఆయన నవ్వి, "మా నాయన గిట్లనే చేస్తుండెనమ్మా, ఇప్పుడెవరు అడుగుతున్నరు?" అన్నాడు. పాత సిమెంటు చెక్కేశాడు. రేకుకు అర అడుగు పైన రెండు ఇటుక వరసల మధ్య అంగుళం లోతున గాడి తీశాడు. జింకు పూత రేకు పట్టీ అంచు అందులో దూర్చి, మిగతాది కిందికి వంచి, వసారా రేకు వంపుల మీద కూర్చోబెట్టాడు. పట్టీ చివరలను ఒకదాని మీదికి ఒకటి వచ్చేలా పరిచాడు. గాడిని మాత్రం సున్నం, ఇసుకతో మూశాడు. కింది అంచును దేనికీ అతికించలేదు. స్విచ్చి బోర్డును ఎలక్ట్రీషియన్ వేరే గోడకు మార్చాడు.

ఈ ఏడు ఆరుద్ర వచ్చింది, జోరుగా కురిసింది. నేను చీపురు పట్టుకుని గోడ దగ్గరే నిలబడ్డాను. ఒక్క చుక్క లేదు! చిన్నది కొత్త స్విచ్చి ముందు కాసేపు తటపటాయించి, చివరికి వేసింది. లైటు వెలిగింది. అత్తమ్మ ఏమీ అనలేదు, ఒత్తులు చేసుకుంటూ నవ్వింది.

మావారి అర సంచీ సిమెంటు మాత్రం చెమ్మకు బండరాయైపోయింది. ఇప్పుడు దాని మీద కూర్చునే నేను గిన్నెలు తోముతున్నాను. ఇన్నేళ్ళకు అది పనికొచ్చింది!