ఆ కత్తి నీది కాదు మావయ్యా

పోయిన సంక్రాంతికి మా మేనల్లుడు మొగల్తూరు వచ్చాడు. ఊరంతా కోడిపందేల గోలలో ఉంటే వీడు మా అరుగు మీద చాప పరిచి, సంచిలోంచి ఇరవై ముఖాల పాచిక ఒకటి తీశాడు. "ఆడదాం రా మావయ్యా" అన్నాడు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అట. ఒకడు కథ నడుపుతాడు, మిగతావాళ్లు అందులో పాత్రలవుతారు. నువ్వేం చేస్తావో నోటితో చెప్పాలి, అది జరుగుతుందో లేదో పాచిక తేలుస్తుంది.

నాకు దొంగ పాత్ర ఇచ్చాడు. గంటసేపు గుహలో తిరిగాక ధగధగా మెరిసే కత్తి ఒకటి దొరికింది. తీసుకున్నాను అన్నాను. వాడు పుస్తకం తిరగేసి తల అడ్డంగా ఊపాడు. "ఆ కత్తి నీది కాదు మావయ్యా. పాలడిన్ క్లాస్‌కి మాత్రమే. నీకది పలకదు."

నవ్వాను. కాసేపటికి నవ్వు ఆగిపోయింది. "గేమే కదా మావయ్యా" అన్నాడు వాడు నా మొహం చూసి. గేమే. కానీ ఆ రాత్రి వాడి పుస్తకాలన్నీ ముందేసుకుని కూర్చున్నాను. ఈ వారం రాయాల్సింది వేరే ఉంది, తమ్ముళ్లూ చెల్లెళ్లూ. అది పక్కన పెట్టి ఇది రాస్తున్నాను.

ఈ ఆట 1974లో అమెరికాలో అచ్చయింది. రాసినవాళ్లు గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్. మొదట్లో మూడే క్లాసులు: యోధుడు, మాంత్రికుడు, పూజారి. మాయకత్తులన్నీ యోధుడివి. మాంత్రికుడు చిన్న బాకు తప్ప మరో ఆయుధం పట్టకూడదు. పూజారికి పదునున్న ఆయుధం నిషిద్ధం. దొంగ 1975లో వచ్చి చేరాడు. వీటి పైన అలైన్‌మెంట్ అని ఇంకొకటి ఉంది. నువ్వు ధర్మపక్షమా, అధర్మపక్షమా, మధ్యలోవాడివా అని. కత్తులకీ అలైన్‌మెంట్ ఉంటుంది. అధర్మపక్షం కత్తిని ధర్మపక్షం వాడు ముట్టుకుంటే కత్తే వాణ్ణి గాయపరుస్తుంది. రెండు పాచికలేసి ఎంత పడితే అంత దెబ్బ.

పుట్టుకను బట్టి కూడా కట్టడి ఉంది. ఆ 1974 పుస్తకంలో డ్వార్ఫ్ జాతివాడు యోధుడు మాత్రమే కాగలడు, అదీ ఆరో లెవల్ వరకే. హాబిట్ నాలుగో లెవల్ దగ్గర ఆగిపోవాలి. మనిషికి మాత్రం హద్దు లేదు.

ఇదంతా ఎందుకంటే బ్యాలెన్స్ కోసం అంటారు. మాంత్రికుడికి మంత్రాలున్నాయి కాబట్టి యోధుడికి కత్తులిచ్చాం, ఎవరి పని వాళ్లకుంటేనే ఆట నడుస్తుంది అని. ఈ మాట మనం ఎక్కడో విన్నాం కదా?

మాది కలిదిండి రాజుల కోట ఉన్న ఊరు. కత్తి ఎవరిదో, పాలేరు కర్ర ఎవరిదో మాకు రూల్ పుస్తకం తెరిచి చెప్పనక్కర్లేదు. అయినా ఆ పుస్తకం ఉంది. మనుస్మృతి రెండో అధ్యాయం తీయండి. ఉపనయనం చేసుకునే పిల్లవాడి చేతికర్ర గురించి ఉంటుంది. బ్రాహ్మడికి మారేడు లేదా మోదుగ. క్షత్రియుడికి మర్రి లేదా చండ్ర. వైశ్యుడికి పీలు లేదా మేడి. పొడుగు కూడా రాసి పెట్టారు. బ్రాహ్మడి కర్ర జుట్టు దాకా, క్షత్రియుడిది నుదుటి దాకా, వైశ్యుడిది ముక్కు దాకా. మొలతాడు ఒకరికి ముంజగడ్డి, ఒకరికి వింటినారి, ఒకరికి జనపనార. కప్పుకునే తోలు కూడా ముగ్గురికీ మూడు రకాల జంతువులది. గైగాక్స్ చూసి ఉంటే ముచ్చటపడేవాడు. ఇంత వివరంగా ఆయన కూడా రాయలేదు.

శూద్రుడికి కర్ర లేదు. మనకి? మన ఐటమ్ లిస్టు పదో అధ్యాయంలో ఉంది. చండాలురు శవాల మీది బట్టలు కట్టుకోవాలి, పగిలిన పాత్రల్లో తినాలి, ఇనుప నగలు పెట్టుకోవాలి. ఆటలో శాపం తగిలిన వస్తువులని కొన్ని ఉంటాయి. మనకి అవి మాత్రమే రాసిచ్చారు.

ఇక మంత్రపు చుట్టలు. ఆటలో మంత్రం రాసున్న చుట్టని వేరే క్లాసువాడు చదివితే పనిచేయదు, అంతే. పదో లెవల్‌కి చేరిన దొంగ చదవొచ్చుగానీ, నూటికి పాతికసార్లు దాన్ని తప్పుగా అర్థం చేసుకునే ప్రమాదం ఉందని 1978 పుస్తకంలో రాశారు. గౌతమ ధర్మసూత్రంలో వేదం విన్న శూద్రుడి చెవుల్లో సీసమో లక్కో కరిగించి పోయమన్నారు. ఈ రెండిటికీ ఉన్న తేడా దగ్గర ఒక్క నిమిషం ఆగండి. నేను చెప్పదలుచుకున్నది ఇక్కడే ఉంది.

ఆటలో శిక్ష వేసేది వస్తువు. కత్తికి నీ క్లాస్ తెలుసు, అలైన్‌మెంట్ తెలుసు, తానే కాటేస్తుంది. కాపలావాడు అక్కర్లేదు. మన దేశంలో వస్తువుకి ఏమీ తెలియదు. వేదం శూద్రుడి చెవిలోనూ వినపడింది. వినపడకపోతే సీసం ఎందుకు? ఏకలవ్యుడి చేతిలో విల్లు పలికింది, అర్జునుడి కంటే బాగా పలికింది. పలకకపోయి ఉంటే బొటనవేలుతో ద్రోణుడికి పనేముంది? శంబూకుడి తపస్సు విఫలమైతే రాముడు అంతదూరం రానక్కర్లేదు. బాబాసాహెబ్ 1936లో 'కుల నిర్మూలన'లో పట్టుకున్నది ఈ సంగతే. దండన లేకుండా చాతుర్వర్ణ్యం తనంతట తాను నిలబడదని, రాముడు శంబూకుణ్ణి చంపాల్సి వచ్చింది అందుకేనని ఆయన వాదించారు.

మన జానపద సినిమా వాళ్లకి ఈ సంగతి తెలుసు. 1951 నాటి 'పాతాళ భైరవి'లో తోటరాముడు తోటమాలి కొడుకు. బొమ్మ అతని చేతికి రాగానే మేడ లేచింది. అదే బొమ్మ మాంత్రికుడి చేతికి పోతే మాంత్రికుడి మాట విన్నది. క్లాస్ అడగలేదు, గుణం అడగలేదు. మా మొగల్తూరులో పుట్టిన చిరంజీవి 1990లో 'జగదేకవీరుడు అతిలోకసుందరి'లో టూరిస్టు గైడు. ఇంద్రుడి కూతురి ఉంగరం అతనికి దొరుకుతుంది, అది లేకపోతే ఆమె ఇంద్రలోకంలోకి తిరిగి వెళ్లలేదు. గైడు వేలికి ఆ ఉంగరం పట్టదని ఎవరూ అనలేదు. మా పేట పిల్లలంతా ఆ ఏడాది ఇత్తడి ఉంగరాలు పెట్టుకు తిరిగారు.

ఇప్పుడు తెర మీంచి నేల మీదికి రండి. 1985 జులైలో కారంచేడు. మాదిగలు మంచినీళ్లు తెచ్చుకునే చెరువు దగ్గర కమ్మ కుర్రాళ్లు పశువుల బకెట్లు కడుగుతుంటే కత్తి చంద్రయ్య ఇదేంటని అడిగాడు. గొడవైంది. వాళ్లు కొట్టబోతే మున్నంగి సువార్త చేతిలో బిందె ఎత్తింది. ఆ బిందె నీళ్లు మోయడానికి ఆమెకి ఇచ్చిన వస్తువే. తనను కాపాడుకోవడానికి ఎత్తడానికి మాత్రం రూల్ ఒప్పుకోలేదు. మర్నాడు, జులై 17న, పల్లె మీద పడ్డారు. ఆరుగురు మాదిగల్ని చంపారు. బిందె ఎవరినీ కాటేయలేదు. కాటేసే పని కోసం వందల మంది కదలాల్సి వచ్చింది.

2017లో గరగపర్రు. అది మా జిల్లాయే, పాలకోడేరు మండలం. చెరువు గట్టు మీద నాయకుల విగ్రహాలున్నాయి. వాటి పక్కన దళితులు అంబేడ్కర్ విగ్రహం పెట్టారు. తెల్లారేసరికి అది అక్కడ లేదు. ఆ తర్వాత వెలి. కూలిపని లేదు, కౌలు లేదు. ఆ గట్టు ఏ విగ్రహాన్నయినా మోస్తుంది. మోయలేకపోయింది మనుషులు.

"ఆటలో దొంగ అవడం మనం ఎంచుకున్నదే కదా" అన్నాడు మేనల్లుడు. వాడు ఎంచి నాకిచ్చాడనుకోండి, అది వేరే సంగతి. కానీ ఈ నేల మీద దొంగ క్లాస్‌ని కూడా పుట్టుకతో ఇచ్చారు. 1871లో తెల్లదొరలు క్రిమినల్ ట్రైబ్స్ యాక్టు తెచ్చారు, 1911 చట్టంతో అది మద్రాసు రాజధానికీ వచ్చింది. స్టూవర్టుపురంలో ఎరుకల పిల్లవాడు అడుగులేయకముందే రిజిస్టరులో దొంగ. 1952 దాకా ఆ చట్టం నడిచింది.

ఆ ఆట పుస్తకాల్లో నాకు నచ్చిన రూల్ ఒకటుంది. 2000లో వచ్చిన మూడో ఎడిషన్‌లో దొంగకి ఒక విద్య ఇచ్చారు, యూజ్ మ్యాజిక్ డివైస్ అని. వస్తువుని నమ్మించే విద్య అది. నేను ఆ క్లాసువాణ్ణే, నాది ఆ అలైన్‌మెంటే, చివరికి నేను ఆ జాతివాణ్ణే అని నమ్మించొచ్చు. పాచిక బాగా పడితే వస్తువు పలుకుతుంది.

ఈ విద్య నాకు కొత్త కాదు. డిగ్రీ చదివే రోజుల్లో పట్నంలో గది కోసం తిరిగాను. ఓనరు మొదటి ప్రశ్న, "మీరేవిట్లు?" మూడిళ్లలో నిజం చెప్పాను. నాలుగో ఇంట్లో ఇంకో ఇంటిపేరు చెప్పాను. తాళంచెవి చేతిలో పెట్టారు. చక్కగా తిరిగింది, తలుపు తెరుచుకుంది. రెండేళ్లు ఆ గదిలో బాబాసాహెబ్ ఫొటోని పెట్టె అడుగున ఉంచాను. మా నాన్న చూడ్డానికి వస్తానంటే నేనే బస్టాండుకి వెళ్లి కలిసి పంపించేశాను. దొంగ విద్యకి కట్టిన మూల్యం అది. రూల్ పుస్తకంలో దాని గురించి ఏమీ రాయలేదు.

ఆట మాత్రం మారింది. డ్వార్ఫ్ ఇది కాకూడదు, హాబిట్ ఇక్కడితో ఆగాలి అన్న హద్దుల్ని అదే 2000లో ఎత్తేశారు. 2014 పుస్తకంలో పదమూడో లెవల్ దొంగకి క్లాస్, జాతి, లెవల్ షరతులేవీ అడ్డు రావని రాశారు. నమ్మించాల్సిన పని కూడా లేదు. 2024 పుస్తకంలో జాతి అనే మాట తీసేసి వేరే మాట పెట్టారు. పాత ఆటగాళ్లు కొందరు గోల చేశారు. బ్యాలెన్స్ చెడుతుంది, ఆట పాడవుతుంది అన్నారు. పాడవలేదు. యాభై ఏళ్లయినా ఆడుతూనే ఉన్నారు, మొగల్తూరు అరుగు మీద కూడా.

కనుమ రోజు మళ్లీ కూర్చున్నాం. మా అక్క వచ్చి, "వీడికి ఆ కత్తేదో ఇచ్చెయ్యరా, రాత్రంతా నిద్రపోలేదు" అంది. వాడు ఇవ్వలేదు. రూల్ రూలే అన్నాడు. నా దొంగది ఇప్పుడు మూడో లెవల్. ఉగాదికి వస్తానన్నాడు. అప్పటిదాకా కత్తి నా సంచిలోనే ఉంటుందని పుస్తకం వెనక రాయించుకున్నాను.