ఒంటిచేత్తో

1936 డిసెంబర్ 30, రాత్రి. న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో 17 వేల మందికి పైగా జనం. వాళ్ళలో మీరొకరు. దీపాల వెలుతురు సిగరెట్ పొగలోంచి కోర్టు మీదికి దిగుతోంది. మీ చుట్టూ ఉన్నవాళ్ళు చాలామంది లాంగ్ ఐలండ్ యూనివర్సిటీ కోసం వచ్చారు. క్లెయిర్ బీ కోచింగ్‌లో వరసగా 43 బాస్కెట్‌బాల్ మ్యాచ్‌లు గెలిచిన జట్టది. ఎదుట కాలిఫోర్నియా నుంచి వచ్చిన స్టాన్‌ఫర్డ్ కుర్రాళ్ళు.

ఇక్కడ దూరం నుంచి బంతి వేసే పద్ధతి అందరికీ ఒకటే. కాళ్ళు రెండూ నేలకి ఆనించి, బంతిని రెండు చేతులా పట్టుకుని, గురిచూసి వదలాలి. ఆ గురి కుదిరేలోపే అవతలివాడు మీదికొచ్చేస్తాడు. బాస్కెట్ పడిన ప్రతిసారీ ఆట ఆపి, కోర్టు మధ్యకెళ్ళి మళ్ళీ జంప్ బాల్ (పైకెగరేసిన బంతి కోసం ఇద్దరు పోటీపడటం) వేయాలి. ఇక స్కోరు ఎక్కడ పెరుగుతుంది?

అదుగో, హాంక్ లుయిసెట్టీ! శాన్‌ఫ్రాన్సిస్కో ఇటాలియన్ వలస కుటుంబంలో పుట్టినవాడు. బంతి అందుకున్నాడు, ఆగలేదు. పరుగులోనే పైకి లేచాడు. బంతి కుడిచేతి వేళ్ళ మీదికొచ్చింది, ఎడమచెయ్యి తప్పుకుంది, మణికట్టు ముందుకి వంగింది. అవతలివాడు చేతులెత్తేసరికే బంతి వాటి మీదుగా దాటిపోయింది.

చిన్నప్పుడు రెండు చేతులతో వేస్తే బంతి బాస్కెట్‌దాకా వెళ్ళేది కాదట, అందుకే ఇలా అలవాటు చేసుకున్నాడు. దాన్ని మాన్పించకుండా వదిలేసిన స్టాన్‌ఫర్డ్ కోచ్ జాన్ బన్‌కి నిజంగా దణ్ణం పెట్టాలి.

స్టాన్‌ఫర్డ్ 45, లాంగ్ ఐలండ్ 31. అందులో 15 పాయింట్లు లుయిసెట్టీవే. అతను కోర్టు వదిలి వెళ్తుంటే, సొంత ఊరి జట్టు ఓటమిని పక్కనపెట్టి న్యూయార్క్ జనమే చప్పట్లు కొడుతున్నారు. మీరూ కొడుతున్నారు.

ఆ తర్వాత దేశమంతటా కుర్రాళ్ళు ఒంటిచేత్తో వేయడం మొదలుపెట్టారు. 1938 జనవరి 1న క్లీవ్‌లండ్‌లో డ్యూకేన్ యూనివర్సిటీ జట్టు మీద లుయిసెట్టీ ఒక్కడే 50 పాయింట్లు చేశాడు. అదే ఏడాది నటి బెట్టీ గ్రేబుల్‌తో సినిమాలో నటిస్తే, అమెచ్యూర్ క్రీడా సంఘం సస్పెండ్ చేసింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో నేవీలో ఉండగా మెనింజైటిస్ సోకింది. ప్రాణం దక్కింది గానీ, ఆట ముగిసింది.

ఎన్‌బీఏకి మూలమైన లీగ్ 1946లో గానీ పుట్టలేదు. లుయిసెట్టీ అందులో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. అయినా 1959లో బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ తొలి విడతలోనే అతని పేరు చేర్చారు. న్యాయమే చేశారు.