భారత సైక్లింగ్ సమాఖ్య: చరిత్ర, బాధ్యతలు

దేశంలో సైక్లింగ్ క్రీడను పర్యవేక్షించే జాతీయ సంస్థ భారత సైక్లింగ్ సమాఖ్య. 1946లో జానకీదాస్, సోహ్రాబ్ భూత్ ప్రభృతుల కృషితో ఇది జాతీయ సైక్లిస్టుల సమాఖ్యగా ఆవిర్భవించింది. అంతర్జాతీయ సైక్లింగ్ సంఘానికి ఇది అనుబంధ సంస్థ.

స్వాతంత్ర్యానంతరం భారత సైక్లిస్టులు 1948 లండన్, 1952 హెల్సింకీ, 1964 టోక్యో ఒలింపిక్స్‌లో పాల్గొన్నారు. 1951లో న్యూఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడలలో జట్టు పర్‌స్యూట్ విభాగంలో రజత పతకం లభించింది. అయితే 1964 తరువాత 2024 పారిస్ క్రీడల వరకు మన సైక్లిస్టులెవరూ ఒలింపిక్స్‌కు అర్హత పొందలేకపోయారు.

ట్రాక్, రోడ్డు, మౌంటెన్ బైక్, బీఎంఎక్స్ విభాగాలలో జాతీయ పోటీల నిర్వహణ, జాతీయ జట్ల ఎంపిక, రాష్ట్ర సంఘాల గుర్తింపు సమాఖ్య ప్రధాన విధులు. శిక్షణ శిబిరాలకు భారత క్రీడా ప్రాధికార సంస్థ తోడ్పడుతున్నది.

ట్రాక్ సైక్లింగ్‌కు వాలు గోడలు గల ప్రత్యేక వెలోడ్రోమ్ తప్పనిసరి. 2002 జాతీయ క్రీడల కోసం హైదరాబాద్ ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఒక వెలోడ్రోమ్ నిర్మించారు. 2010 కామన్వెల్త్ క్రీడలకు న్యూఢిల్లీ ఇందిరాగాంధీ స్టేడియం సముదాయంలో 250 మీటర్ల చెక్క ట్రాక్‌తో ఇండోర్ వెలోడ్రోమ్ సిద్ధమైంది.

ఈ సదుపాయంతో ఫలితాలు మెరుగుపడ్డాయి. 2018లో స్విట్జర్లాండ్‌లో జరిగిన ప్రపంచ జూనియర్ పోటీలలో ఎసో ఆల్బెన్ కీరిన్ విభాగంలో రజతం గెలిచారు. 2019లో జర్మనీలో భారత జూనియర్ పురుషుల జట్టు టీమ్ స్ప్రింట్ స్వర్ణం సాధించింది. 2022 జూన్‌లో న్యూఢిల్లీ ఆసియా పోటీలలో రొనాల్డో సింగ్ స్ప్రింట్ రజతం పొందారు.

అదే నెలలో స్లొవేనియా శిబిరంలో ఉన్న ఒక మహిళా సైక్లిస్టు కోచ్ ప్రవర్తనపై ఫిర్యాదు చేయగా, క్రీడా ప్రాధికార సంస్థ అతని కాంట్రాక్టును రద్దు చేసింది. మహిళా క్రీడాకారులు గల జట్ల వెంట మహిళా కోచ్ ఉండాలని అన్ని సమాఖ్యలకు ఆదేశాలు వెలువడ్డాయి. 2025లో పార్లమెంటు ఆమోదించిన జాతీయ క్రీడా పాలన చట్టం సమాఖ్యల నిర్వహణలో క్రీడాకారులకు ప్రాతినిధ్యం, వారి భద్రతకు ఏర్పాట్లు నిర్దేశించింది. జూనియర్ స్థాయి విజయాలను సీనియర్ స్థాయికి, అక్కడినుంచి ఒలింపిక్ అర్హతకు చేర్చడం, క్రీడాకారుల రక్షణకు పూచీపడడం సమాఖ్య ముందున్న ప్రధాన కర్తవ్యాలు.